బిల్లులో నేను గొడవపడ్డ ఆ ఒక్క లైను: గుండె ఆపరేషన్‌లో రక్తం గడ్డకట్టే టెస్టు, నా రివ్యూ

"రోటెమ్ ప్యానెల్, క్వాంటిటీ 2." డిశ్చార్జ్ బిల్లు నాలుగో పేజీలో ఉంది ఈ లైను, ఎదురుగా తొమ్మిదివేల చిల్లర. దాని పైన ఐఎన్‌ఆర్ వేరే, ఏపీటీటీ వేరే, ప్లేట్‌లెట్ కౌంట్ వేరే, ఏసీటీ అని ఇంకోటి వేరే. నాకు ఒళ్ళు మండిపోయింది. రక్తం గడ్డకడుతుందా లేదా అన్న ఒక్క ముక్కని ఇన్ని పేర్లతో ఎన్నిసార్లు అమ్ముతారండీ అని కౌంటర్ దగ్గర గొంతు పెంచీసాను. ఇప్పుడు అదే లైనుకి రివ్యూ రాస్తున్నాను. హాస్పిటల్ వైజాగ్‌లోది, పేరు అడగొద్దు, బాగున్నదీ రాస్తాను బాగోనిదీ రాస్తాను, పేరెడితే మళ్ళీ అదో గోల.

మాది రాయగడ. పైపులు, కుళాయిలు, వాటర్ ట్యాంకుల షాపు. ఇంట్లో తెలుగు, కౌంటర్లో ఒడియా, హోల్‌సేల్ వాళ్ళతో హిందీ. ఇక్కడ మనోళ్ళకి పెద్ద జబ్బొస్తే భువనేశ్వర్ గుర్తురాదు, వైజాగే. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో పోతే పొద్దున్న ఇంట్లో చద్దన్నం తిన్నవాడు మధ్యాహ్నానికి ఓపీ లైన్లో ఉంటాడు. చిక్కల్లా డబ్బు దగ్గరే. ఆరోగ్యశ్రీ ఆంధ్రా వాళ్ళది, మాకు రాదు. మా ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కార్డు, బీఎస్‌కేవై, మేం చేరిన చోట చెల్లదన్నారు. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది గానీ మా అమ్మ ఆపరేషన్ 2024 నవంబర్, కార్తీకంలో. అంటే మొత్తం చేతి డబ్బు, కొంత అప్పు. అందుకే ఏడు పేజీల బిల్లూ వేలు పెట్టి చదివాను, షాపు వాడిని కదా, ఇన్‌వాయిస్ చూడకుండా ఇస్తే నిద్ర పట్టదు.

అమ్మకి యాభై నాలుగు. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ళ వాపులు వచ్చి తగ్గిపోయాయని మా అమ్మమ్మ చెప్పేది, ఆ రుమాటిక్ జ్వరమే ముప్పై నలభై ఏళ్ళ తరవాత గుండె ఎడమవైపు మైట్రల్ వాల్వ్‌ని బిగించీసింది. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే దగ్గు. వాల్వ్ మార్చాలన్నారు. గుండె లయ తప్పి గడ్డలు కట్టే ప్రమాదం ఉందని అప్పటికే రక్తం పల్చన చేసే మాత్ర, ఎసిట్రోమ్, వేసుకుంటోంది. అంటే ఏటన్నమాట, గడ్డ కట్టకూడదని మందు వేసుకుంటున్న మనిషికి, గడ్డ కట్టకపోతే ప్రాణం మీదికొచ్చే ఆపరేషన్. ఈ తిరకాసు నాకు అప్పుడు అర్థం కాలేదు. మూడు రోజుల ముందు మాత్ర ఆపించి, దాని బదులు పొట్టమీద హెపారిన్ జాతి ఇంజెక్షన్లు (ఇవీ గడ్డ కట్టకుండానే) పొడిచారు, ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె, 1.2కి దిగిందన్నాక డేట్ ఇచ్చారు. ఊరు రాయగడ అనగానే సికిల్ సెల్ టెస్టు కూడా రాశారు, మా కోరాపుట్ వైపు అది ఎక్కువ కదా, ఆపరేషన్‌లో ఒళ్ళు చల్లబరుస్తారు కాబట్టి ముందే తెలియాలట. ఆ పని నాకు నచ్చింది, అడక్కుండానే ఊరు చూసి టెస్టు రాసేవాళ్ళు తక్కువ.

ఇక్కడ మా చిన్నాన్న సంగతి చెప్పాలి, లేకపోతే నేను ఎందుకు అంత భయపడ్డానో తెలీదు. 2011లో ఆయనకి బైపాస్ అయింది, వేరే ఊరు, వేరే ఆస్పత్రి. సాయంత్రం ఆరింటికి బయటికి తెచ్చారు, ఎనిమిదింటికల్లా ఛాతీ గొట్టం కింద డబ్బా నిండిపోతోంది. శాంపిల్ ల్యాబ్‌కి పంపారు. ఆ ల్యాబ్ కింది అంతస్తులో, రాత్రి షిఫ్ట్ ఒక్కడే మనిషి, రిపోర్ట్ రావడానికి గంట పైన పట్టింది. ఈలోగా ఊరుకోలేరు కదా, తలా ఒకటి చెప్పి ప్లాస్మా నాలుగు ఎక్కించారు, ప్లేట్‌లెట్లు ఎక్కించారు, ఎర్రరక్తం ఎక్కించారు, నేనూ మా బావా ఊరంతా బ్లడ్ బ్యాంకులు తిరిగాం. తీరా రిపోర్ట్ వచ్చేసరికి అది ఎనిమిదింటి రక్తం కబురు, అప్పటికి ఆయన ఒంట్లో ఉన్నది పదింటి రక్తం, సగం ఎవరెవరిదో. రాత్రి రెండింటికి మళ్ళీ ఛాతీ తెరిచారు. చూస్తే ఒక కుట్టు దగ్గర కారుతోంది. అంతే. చిన్నాన్న బతికాడు, ఇప్పటికీ మార్కెట్‌కి తనే సైకిల్ మీద వెళ్తాడు, కానీ ఆ పదహారు సంచుల్లో ఏది ఎందుకు పోశారో మాలో ఎవరికీ ఈరోజుకీ తెలీదు.

పైపుల షాపు వాడిగా నాకు ఒక్కటి తెలుసు. గోడ తడిగా ఉందని ఎవరైనా వస్తే ముందు అడిగేది జాయింట్ దగ్గర లీకా, లేక గోడంతా చెమరుస్తోందా అని. జాయింట్ దగ్గరైతే పానా కావాలి. గోడంతా అయితే పానా ఎంత బిగించినా దండగ. ఆపరేషన్‌లో రక్తం కారితే కూడా ఇదే ప్రశ్న, ఒక రక్తనాళం దగ్గర కుట్టు వదిలిందా, లేక రక్తమే గట్టిపడే గుణం పోగొట్టుకుని నలుమూలలా చెమరుస్తోందా. చిన్నాన్నకి ఆ ప్రశ్నకి జవాబు ఆరుగంటలు ఆలస్యంగా దొరికింది.

సరే బిల్లు దగ్గరికి. కౌంటర్ అమ్మాయి పాపం "సార్ అది ఓటీ ఛార్జ్, నాకు తెలీదు" అని చేతులెత్తేసింది, నేను తగ్గలేదు, ఆఖరికి ఎనస్తీషియా మేడమ్‌కి, అంటే ఆపరేషన్‌లో మత్తిచ్చిన డాక్టరుకి, కబురు పెట్టారు. ఆవిడ డ్యూటీ అయిపోయి బ్యాగు భుజానికి తగిలించుకుని ఇంటికి పోతున్నారు. నన్ను కసిరి పంపించినా అడిగేవాడు లేడు. అలాంటిది వార్డులోకి వచ్చి అమ్మ మంచం పక్కన స్టూల్ లాక్కుని, ఫైల్లోంచి రెండు ప్రింట్లు తీసి, ఇరవై నిమిషాలు కూచుని చెప్పారు. ఈ రివ్యూలో సగం స్టార్లు ఆ స్టూల్‌కే.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. మామూలు ల్యాబ్ టెస్టులు, పీటీ, ఏపీటీటీ, రక్తం గడ్డకట్టడం మొదలవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసేవి, ఇవి పాతవి, పీటీని ఆర్మాండ్ క్విక్ అనే అమెరికా డాక్టరు 1935లో పెట్టాడు. ఒక్కో ల్యాబ్ మందుకి ఒక్కో సెకన్ల లెక్క వస్తోందని 1983లో డబ్ల్యూహెచ్‌వో అందరికీ ఒకే కొలతగా ఐఎన్‌ఆర్ తెచ్చింది. మాత్రలు వేసుకునేవాళ్ళకి అది బంగారం. కానీ ఆ టెస్టులో రక్తాన్ని యంత్రంలో గిర్రున తిప్పి కణాలన్నీ కిందికి దించీసి, పైన తేరుకున్న ప్లాస్మాలో మాత్రమే చూస్తారు. మొదటి పోగు పడగానే గడియారం ఆపీస్తారు. ఆ తరవాత గడ్డ ఎంత గట్టిగా తయారైంది, నిలిచిందా, కరిగిపోయిందా అన్నది ఆ టెస్టుకి అనవసరం. గడ్డకి బలమిచ్చే ప్లేట్‌లెట్ కణాలు అందులో ఉండనే ఉండవు.

ఈ రోటెమ్ లాంటివి వేరే. రక్తాన్ని ఉన్నదున్నట్టు, కణాలతో సహా, ఒక చిన్న కప్పులో పోస్తారు, అర మిల్లీలీటర్ కూడా కాదు. అందులో ఒక పుల్ల దింపుతారు. ఆ పుల్ల కొంచెం అటూ కొంచెం ఇటూ తిరుగుతూ ఉంటుంది. రక్తం పల్చగా ఉన్నంతసేపు అడ్డు లేకుండా తిరుగుతుంది, గడ్డ కట్టడం మొదలైతే పుల్లకీ కప్పుకీ మధ్య దారాలు అల్లుకుని తిరగనివ్వదు. ఎంత అడ్డుపడితే అంత వెడల్పు గీత తెరమీద పడుతుంది. ఇదే జాతిలో టెగ్ అని ఇంకోటి ఉంది, అందులో పుల్ల ఆగుంటుంది, కప్పు తిరుగుతుంది. కొత్త మోడళ్ళలో కప్పూ పుల్లా చేత్తో అమర్చక్కర్లేకుండా క్యాసెట్ లాంటిది పెడితే చాలట.

ఇంతవరకూ వినీ వినీ అమ్మ మంచం మీంచి అంది, "అయితే అరిసెల పాకం చూసినట్టేనామ్మా."

మేడమ్‌కి వెంటనే తట్టలేదు. అమ్మే చెప్పింది. బెల్లం పాకం వేలి మధ్య తీగ సాగిందని దించీస్తే అరిసెలు నూనెలో చెదిరిపోతాయి. నీళ్ళ పళ్ళెంలో ఒక చుక్క వేసి, వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టాలి, కట్టిన ఉండ కట్టినట్టు ఉండాలి, జారిపోకూడదు, మరీ రాయి అయిపోకూడదు. మేడమ్ నవ్వీసి, పీటీ అంటే మీ తీగమ్మా, ఇది మీ ఉండ అన్నారు. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరనిపించింది. రాయి అయిపోకూడదన్నది కూడా అమ్మ ఊరికే అనలేదు, ఎక్కువ గడ్డకట్టినా కొత్త వాల్వ్ బిగుసుకుపోతుంది కదా.

ప్రింట్లో గీతలు చూస్తే నాకు అడ్డంగా పడుకోబెట్టిన గరిటెల్లా కనిపించాయి. సన్నటి కాడ, తరవాత వెడల్పయ్యే తల. కాడ పొడుగ్గా ఉంటే గడ్డ మొదలవడం ఆలస్యం. తల సన్నగా ఉంటే కట్టిన గడ్డ బలహీనం. వెడల్పయిన తల మళ్ళీ సన్నబడి చేప తోకలా అయిపోతే కట్టింది కరిగిపోతోంది, దానికి ట్రానెక్సామిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్. ఇది 1962లో జపాన్‌లో ఒకమోటో దంపతులు కనిపెట్టిన మందు, మా అమ్మకి మొదట్లోనే ఇచ్చీసారట.

అసలు తెలివి ఎక్కడుందంటే ఒకే రక్తాన్ని నాలుగు కప్పుల్లో పోసి నాలుగు రకాలుగా చూడడంలో. ఆపరేషన్ మొదట్లో రక్తం, గుండె పని చేసే బయటి యంత్రంలోకి వెళ్ళి రావాలి కాబట్టి గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, కిలోకి 300 యూనిట్లు, మా అమ్మ 46 కిలోలు, అంటే దగ్గరదగ్గర పద్నాలుగు వేల యూనిట్లు. అది పనిచేస్తోందా అని ఏసీటీ అనే చిన్న టెస్టు అక్కడికక్కడే మాటిమాటికీ చేస్తారు, మామూలుగా నూట చిల్లర సెకన్లుండే లెక్క 480 దాటితేగానీ గుండె యంత్రం నడపరు. అందుకే బిల్లులో ఏసీటీ వేరే లైను. వాల్వ్ కుట్టడం అయ్యాక ప్రోటమిన్ అనే మందిచ్చి హెపారిన్‌ని కొట్టీస్తారు. ఆ తరవాత కూడా కారుతుంటే మొదటి అనుమానం హెపారిన్ ఇంకా మిగిలిందా అని. నాలుగు కప్పుల్లో ఒకదాన్లో హెపారిన్‌ని తినీసే మందు కలుపుతారు, దాని జతలో కలపరు. రెండు గీతలూ ఒకేలా ఉంటే హెపారిన్ మిగల్లేదన్నమాట. ఇంకో కప్పులో ప్లేట్‌లెట్లని పనిచేయకుండా ఆపీసి మిగతా బలం ఎంతో చూస్తారు, ఆ మిగిలిందే ఫైబ్రినోజెన్ బలం, రక్తంలో దారంలా అల్లుకునే పదార్థం.

(మధ్యలో చిన్న సంగతి. హెపారిన్ పంది పేగుల్నించి తీస్తారు, ప్రోటమిన్ సాల్మన్ చేప వీర్యం నించి వచ్చింది. అమ్మ కార్తీకమాసం అంతా ఉల్లిపాయ కూడా ముట్టదు. ఈ ముక్క నేను నోరుజారి చెప్పీసాను. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. "నాకు తెలివి లేనప్పుడు చేశారు కదా, మజ్జిగౌరమ్మకి నేను చెప్పుకుంటాలే" అని అటు తిరిగి పడుకుంది.)

అమ్మ విషయంలో జరిగింది ఇదీ. ప్రోటమిన్ అయ్యాక గుండె చుట్టూ ఇంకా చెమరుస్తోంది. మొదటి ప్యానెల్ వేశారు. హెపారిన్ గీతలు రెండూ ఒకటే, కాబట్టి ఇంకో డోసు ప్రోటమిన్ అక్కర్లేదు. మొత్తం గడ్డ బలం పది నిమిషాల దగ్గర 36 మిల్లీమీటర్లు, 43 పైన ఉండాలట. ఫైబ్రినోజెన్ కప్పులో 6. అంటే దారం తక్కువ, ప్లేట్‌లెట్లు పర్వాలేదు. అందుకని క్రయో అనే సంచులు ఆరు కరిగించి ఎక్కించారు, ప్లాస్మాలోంచి ఫైబ్రినోజెన్ ఎక్కువుండే భాగాన్ని వేరుచేసి ఫ్రీజర్లో ఐసులా చేసి దాచేది అది. ప్లాస్మా ఇవ్వలేదు, ప్లేట్‌లెట్లు ఇవ్వలేదు. రెండో ప్యానెల్లో 6 కాస్తా 12 అయింది, మొత్తం బలం 45. ఛాతీ మూశారు. ఎర్రరక్తం మొత్తమ్మీద రెండు సంచులు. రాత్రి గొట్టంలో కారింది చూసి ఐసీయూ నర్సు నాకు బొటనవేలు చూపించింది, అప్పుడు దాని అర్థం తెలీదు గానీ కాళ్ళల్లో సత్తువ వచ్చింది.

ఆ టెస్టు లేకపోతే అమ్మకి ఏదో అయిపోయేది అని నేను రాయను, అది ఎవరికీ తెలీదు. అనుభవం ఉన్న డాక్టరు కంటితో చూసి కూడా క్రయో ఇచ్చుండొచ్చు. కానీ అడ్డగోలుగా అన్నీ ఎక్కించకుండా ఆపింది మాత్రం ఆ కాగితమే, ఎక్కించినది పనిచేసిందని చూపించిందీ అదే. ఇచ్చిన ప్రతి సంచీకీ ఒక ప్రమాదం ఉంటుంది, ఒళ్ళు పొంగడం, ఊపిరితిత్తుల్లో నీరు, ఎలర్జీ. చిన్నాన్న వారం రోజులు వెంటిలేటర్ మీద ఎందుకున్నాడో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది, నిర్ధారణగా కాదనుకోండి.

ఇదేమీ నిన్నమొన్నటి వింత కాదు. 1948లో జర్మనీ హైడెల్‌బర్గ్‌లో హార్టర్ట్ అనే ఆయన మొదటి యంత్రం చేశాడు. చాలా ఏళ్ళు ల్యాబ్ మూలన పడుంది. 1980లలో పిట్స్‌బర్గ్‌లో లివర్ మార్పిడి ఆపరేషన్లలో రక్తం ఏరులై పారుతుంటే అక్కడి ఎనస్తీషియా వాళ్ళు దాన్ని ఓటీలోకి తెచ్చుకున్నారు. ఇంగ్లాండ్‌లో ఏది వాడాలో ఏది దండగో తేల్చే నైస్ సంస్థ 2014లో గుండె ఆపరేషన్లకి టెగ్, రోటెమ్ వాడమంది. కానీ యాక్సిడెంట్ కేసులకి, కాన్పు తరవాత రక్తస్రావానికి రుజువు చాలదని అప్పుడు ఆగిపోయింది. కాబట్టి మోకాలి చిప్ప మార్పిడికి ఎవరైనా ఈ ప్యానెల్ బిల్లులో వేస్తే ఎందుకూ అని ఒకసారి అడగండి, తప్పు లేదు.

దీనికీ గుడ్డిచోట్లున్నాయి, మేడమే చెప్పారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకున్నవాళ్ళ ప్లేట్‌లెట్లు ఎంత మొద్దుబారాయో ఈ మామూలు ప్యానెల్లో కనిపించదు, దానికి వేరే కిట్. బైపాస్‌కి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఆ మాత్రల మీదే ఉంటారు, కాబట్టి ఎప్పుడు ఆపారో తేదీతో సహా చెప్పండి. ఇంకోటి, కప్పు 37 డిగ్రీల వేడిలో ఉంటుంది, పేషెంటు ఒళ్ళు 34కి చల్లబడి ఉంటే గీత బాగానే ఉన్నా లోపల కారుతూనే ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యం నాకనిపించింది ఇది: గీతలన్నీ చక్కగా ఉండి కూడా రక్తం ఆగకపోతే, అదే జవాబు. పానా తీసుకుని జాయింట్ చూడండి అని. 2011లో ఈ కాగితం ఉండుంటే చిన్నాన్నని ఎనిమిదిన్నరకే మళ్ళీ తెరిచేవాళ్ళేమో.

ఇప్పుడు తిట్లు. ఆపరేషన్ ముందు పదకొండు పేజీల ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు, అందులో ఎక్కడా ఈ టెస్టు పేరు గానీ ధర గానీ నోటిమాటగా కూడా చెప్పలేదు. ముందే ఒక్క ముక్క చెప్పుంటే ఆ కౌంటర్ అమ్మాయి మీద నేను అరవను, ఆవిడకి తరవాత సారీ చెప్పాను అనుకోండి. రెండో కోపం రక్తం ఏర్పాటు మీద. ఎర్రరక్తం నాలుగు, ప్లాస్మా నాలుగు, ప్లేట్‌లెట్లు నాలుగు రెడీ పెట్టాలి, దాతల్ని తెమ్మన్నారు. మా వీధి కుర్రాళ్ళు ఎనిమిదిమంది పని మానుకుని రాత్రికి రాత్రి బొలెరోలో దిగారు, వాళ్ళకి నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఇద్దర్ని వెనక్కి పంపారు, ఒకడికి హిమోగ్లోబిన్ పన్నెండున్నర లేదు, ఒకడు నెల కిందటే మన ఊళ్ళో క్యాంపులో ఇచ్చాడు. ఇంత చేసి క్రయో ఆ లిస్టులోనే లేదు! చివరికి పనికొచ్చింది అదే. వాళ్ళ బ్లడ్ బ్యాంకులో స్టాక్ ఉండబట్టి సరిపోయింది, లేకపోతే యంత్రం ఏం చెప్పినా ఏం లాభం. వాడని ప్లేట్‌లెట్లకి బిల్లు వేశారు, చూపిస్తే తీసీసారు, చూపించకపోతే? ఇంకా ఆ గీతల ప్రింట్లు డిశ్చార్జ్ ఫైల్లో పెట్టరట, నేను ఫోన్లో ఫోటో తీసుకున్నాను.

మేడమ్‌ని ఒకటడిగాను, రాత్రి రెండింటికి ఎమర్జెన్సీ వస్తే కూడా చేస్తారా అని. కొంచెం ఆగి, ట్రైనింగ్ అయినవాళ్ళు డ్యూటీలో ఉంటే చేస్తాం అన్నారు. నిజం చెప్పినందుకు గౌరవం పెరిగింది, భయమూ పెరిగింది.

అందుకని మన వైపు నించి, రాయగడో గుణుపురమో జయపురమో పర్లాకిమిడో, ఎవరైనా గుండె ఆపరేషన్‌కో లివర్‌కో పోతుంటే డాక్టరు ఎంత ఫేమస్ అన్నదాంతో పాటు ఈ మూడు ముక్కలు అడగండి. గడ్డకట్టే టెస్టు ఓటీలోనే చేస్తారా, ల్యాబ్‌కి పంపి కూచుంటారా. రాత్రిపూట, ఆదివారం కూడా నడుస్తుందా. బ్లడ్ బ్యాంక్ అదే బిల్డింగ్‌లో ఉందా, అందులో క్రయో ఉంటుందా. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకంటే నిలవ ఉండవు, గదివేడిలో ఊపుతూ ఉంచాలి, ప్లాస్మా, క్రయో ఫ్రీజర్లో ఐసులా పెడతారు కాబట్టి కరిగించడానికి టైం పడుతుంది. ఊరవతల బ్యాంకు నించి ఆటోలో తెచ్చేలోగా ఏదైనా అవ్వొచ్చు. యంత్రం ఉంది గానీ సంచి లేదంటే అది పంచాంగం చెప్పి ముహూర్తం దాటించీడం లాంటిది.

రేటింగ్ అంటే ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ టెస్టుకి కాదు, ముందే చెప్పని వాళ్ళ పద్ధతికి.

ఇంటికొచ్చాక మళ్ళీ పాత కథే, ఐఎన్‌ఆర్. లోహపు వాల్వ్ కాబట్టి జీవితాంతం మాత్ర, ఐఎన్‌ఆర్ 2.5 నించి 3.5 మధ్య ఉండాలి. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది మాత్రకి ఎదురు పనిచేస్తుంది. మా ఇంట్లో ఒకరోజు తోటకూర, ఒకరోజు ములగాకు, పక్కింటి ఒడియా మౌసీ సజనా సాగొ (అదీ ములగాకు కూరే) వండితే గిన్నెతో పంపుతుంది. మానెయ్యక్కర్లేదు, రోజూ ఒకే లెక్కలో తినమన్నారు. అమ్మ గుప్పెడు కొలత పెట్టుకుంది. మూడో నెలలో మన ఊళ్ళోనే ఒక ల్యాబ్‌లో ఇస్తే రిపోర్ట్ 5.8! గుండె జారిపోయింది. మాత్ర ఆపీమన్నారు ఒకరు, ఇంజెక్షన్ అన్నారు ఒకరు. మేడమ్‌కి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "ట్యూబ్ నిండా తీశారా?" నీలం మూత ట్యూబ్‌లో ముందే సిట్రేట్ మందుంటుంది, ఒక వంతు మందుకి తొమ్మిది వంతుల రక్తం పడాలి, 2.7 మిల్లీలీటర్ల గీత దాకా. ఆ కుర్రాడు నరం దొరక్క సగమే తీశాడు, నేను కళ్ళారా చూశాను, నోరు మూసుకున్నాను. రక్తం తక్కువ పడితే మందు ఎక్కువైపోయి, గడ్డ ఆలస్యంగా కట్టి, అంకె దొంగగా పెరిగిపోతుంది. వేరే చోట మళ్ళీ ఇస్తే 2.9. ఆ రాత్రి మాత్ర ఆపీసుంటే ఏటయ్యేదో.

ఇప్పుడు అమ్మ చేయి చాపి కూచున్నప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటుంది. మొన్న శుక్రవారం కుర్రాడు ట్యూబ్ తీసీబోతుంటే "ఇంకా గీత దాటలేదు బావూ, ఆగు" అంది. 2.8 వచ్చింది.